అత్తకు అరువిచ్చిన ముక్కు

ముందే చెప్పేస్తున్నాను, ఈ అధ్యాయంలో చచ్చిపోయేవి మొక్కలు మాత్రమే. మనుషులందరూ క్షేమంగా ఉన్నారు. వాళ్ళలో ఒకావిడ నేనీ వాక్యం రాస్తుండగానే వెనక నుంచి "ఫ్యాన్ బంద్ చెయ్యవే, మసాలంత లేసిపోతున్నది" అని అరుస్తోంది. కాబట్టి ఏడవడానికి సిద్ధపడి వచ్చినవాళ్ళు రుమాలు మడిచి లోపల పెట్టుకోవచ్చు. నాకిక్కడ కావలసింది కాస్త సిగ్గుపడడానికి చోటు. ఆ పని నేను పదమూడేళ్ళ కిందటే చేసి ఉండాల్సింది. అప్పుడు తీరిక లేకపోయింది, జోకులు వేస్తూ ఉన్నాను.

మొన్న దసరాకు ముందు సున్నాలు వేయించడానికి ఇల్లు ఖాళీ చేస్తుంటే, అటక మీద ఒక బిస్కెట్ల డబ్బా దొరికింది. రాయచూరులో మా వీధిలో ఏ ఇంటి అటక మీదైనా ఒక బిస్కెట్ల డబ్బా ఉంటుంది, అందులో బిస్కెట్లు తప్ప అన్నీ ఉంటాయి. దీంట్లో క్యాలెండరు కాగితాలతో మడిచిన చిన్న చిన్న పొట్లాలు, ఒక్కోదాని మీద బాల్‌పెన్నుతో మా అత్త రాత. రాసింది తెలుగు, అక్షరాలు కన్నడవి. మేం ఇక్కడ తరతరాలుగా ఉన్న తెలుగువాళ్ళం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, బజార్లో ఉర్దూ, మూడింటిలోనూ సమానంగా తప్పులు. అత్త బడికి పోయిన నాలుగేళ్ళూ కన్నడ బడికే పోయింది కనక తెలుగును కూడా ఆ అక్షరాల్లోనే దాచుకుంటుంది. ఒక పొట్లం మీద ఇలా ఉంది: "ముదురు ఎరుపు, తెల్లంచు. గౌరి చెప్పింది: లవంగం, చాన ఎక్కువ." ఇంకోదాని మీద: "గౌరి చెప్పింది: కొత్త పుస్తకం తెరిసినట్టు." మరోదాని మీద: "గౌరి చెప్పింది: పెండ్లికి పోయొచ్చిన పట్టుచీర."

గౌరి అంటే నేనే. అటక కింద నిచ్చెన మీద నిలబడి ఆ మూడూ చదివేసరికి నా చెవులు వేడెక్కాయి. రాయచూరులో చెవులు వేడెక్కడానికి వేరే కారణాలు చాలా ఉన్నాయి గానీ, ఇది ఎండ వల్ల కాదు.

రత్నత్త మా నాన్నకు అక్క. పెళ్ళయిన రెండేళ్ళకే తిరిగి పుట్టింటికి వచ్చేసింది. ఎందుకొచ్చావని ఎవరడిగినా "ఆడ నీళ్ళు ఉప్పగున్నయి" అనేది, అంతకుమించి ఒక్క ముక్క చెప్పేది కాదు. ఇంట్లో మసాలా పొడులు కొట్టి ఇళ్ళకు ఇచ్చేది, ఇప్పటికీ ఇస్తుంది. అప్పట్లో మిక్సీ మీద ఆమెకు నమ్మకం లేదు. రోకలి దెబ్బ పడితేనే లవంగం లొంగుతుందనేది. దాంతో మా ఇంట్లో గోడలకు, దుప్పట్లకు, నా బడి సంచికి, చివరికి నా లెక్కల పుస్తకానికి కూడా లవంగాల వాసన ఉండేది. బడిలో నా పక్కన కూర్చున్న పిల్లకు మధ్యాహ్నం కాకముందే ఆకలి వేసేది.

మా మిద్దె మీది గదిలో ధారవాడ నుంచి వచ్చిన ఒక టీచరమ్మ చాలా ఏళ్ళు అద్దెకుంది. బదిలీ అయి వెళ్ళిపోతూ అత్తకు మూడు కుండీలు అప్పజెప్పింది. సన్నటి బూడిద రంగు ఆకులు, వాటి మధ్య చిన్న పువ్వులు, రేకుల అంచులు ఎవరో ఓపిగ్గా కత్తెరతో పళ్ళు పళ్ళుగా కత్తిరించినట్టు. నర్సరీవాళ్ళు దాన్ని డయాంథస్ అంటారని నాకు చాలా తర్వాత తెలిసింది. మా ఇంట్లో దాని పేరు టీచరమ్మ పువ్వు. చూడ్డానికి గొప్పగా ఏమీ ఉండేది కాదు, ఉతికి ఉతికి వెలిసిపోయిన జాకెట్టు గుడ్డ రంగు. కానీ పొద్దున పూట దగ్గరికి వంగితే లవంగాన్ని తేనెలో వేసి ఎండలో పెట్టినట్టు ఒక వాసన వచ్చేది. టీచరమ్మ పోతూ పోతూ ఒకటే మాట చెప్పింది. వాసన ఉన్న మొక్క గింజలే దాచు, లేని మొక్క పువ్వు విప్పగానే వేరుతో సహా పీకెయ్యి, జాలిపడి వదిలేస్తే సీతాకోకచిలుకలు దాని పుప్పొడిని మిగతావాటికి అంటిస్తాయి, నాలుగేళ్ళు అశ్రద్ధ చేశావంటే వాసన పోయి రంగే మిగులుతుంది. "వాసన పోనియ్యను టీచరమ్మా" అని అత్త మాటిచ్చింది. మా అత్త మాటివ్వడం అరుదు. మసాలా ఫలానా రోజుకు ఇస్తానని కూడా ఎవరికీ చెప్పదు, "అయినప్పుడు అయితది" అంటుంది.

ఈ ఎండల ఊళ్ళో ఆ మొక్కను బతికించడం అంటే మంచుగడ్డను జేబులో పెట్టుకుని సంతకు పోయి రావడమే. అత్త మాత్రం బతికించేది. మా నల్లరేగడి నీళ్ళను పట్టుకుని వదలదు, వేరు కుళ్ళిపోతుంది. అందుకని చంద్రబండలో నాన్న స్నేహితుడి చేను నుంచి ఎర్రమట్టి తెప్పించి, ఇసుక, మాగిన పేడ ఎరువు కలిపి, పైన చిటికెడు తాంబూలం సున్నం చల్లేది. దసరాకు విత్తేది. సంక్రాంతి దాటేలోపు పూసేది. ఎండలు ముదిరేలోపు గింజలు తీసేది. ఆ గింజలు నల్లజీలకర్రను ఎవరో ఇస్త్రీ చేసినట్టు పల్చగా, నల్లగా ఉండేవి. మూడు కుండీలు కాస్తా నూనె డబ్బాలు, పగిలిన బకెట్లు, హ్యాండిల్ ఊడిన కుక్కరు కలిసి నలభై దాకా అయ్యాయి. వంటింట్లోంచి ఏ గిన్నె కనపడకపోయినా అమ్మ ముందు వాకిట్లోకి పోయి వెతికేది.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు అత్తకు జ్వరం వచ్చి పదిహేను రోజులు మంచం పట్టింది. జ్వరం పోయింది, పోతూ పోతూ ఆమె ముక్కును వెంట తీసుకుపోయింది. ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఒకరోజు నేను బడి నుంచి వచ్చేసరికి పొయ్యి మీద పాలు మాడి వంటిల్లంతా పొగ, అత్త పొయ్యికి వీపు పెట్టి కూర్చుని తీరిగ్గా లవంగాలు ఏరుతోంది.

"అత్తా, పాలు!"

"ఏ పాలే?"

తిరిగి చూసి, ఒక్క ఉదుటున గిన్నె దించింది. అమ్మ వచ్చేలోపు చింతపండు, బూడిద వేసి ఇద్దరం దాన్ని తోమాం. తోముతూనే చెప్పింది. "వాసన వస్తలేదే గౌరీ. పూలది గాదు, మురికిది గాదు, ఏదీ వస్తలేదు. బయట అనకు. ముక్కు లేని మనిషి కొట్టిన మసాలా ఎవరు కొంటరు?"

మసాలా సంగతి ఆమె చూసుకుంది. ధనియాలు రంగు చూసి దించేది, జీలకర్ర చిటపట విని దించేది. ఒక్క ఇల్లు కూడా తేడా కనిపెట్టలేదు. కానీ పువ్వు చప్పుడు చేయదు, రంగు చూసి వాసన చెప్పలేం. అందుకని పువ్వులకు నా ముక్కు కావాల్సొచ్చింది. ఇంట్లో అప్పటిదాకా నా ఉద్యోగం నవ్వించడం ఒక్కటే. మొదటిసారి నాకో బాధ్యత వచ్చింది, అదీ రహస్య బాధ్యత. నేను రెండు వారాలు నేల మీద నడవలేదు.

మొదటి ఏడాది నిజాయితీగా చేశాను. అది రికార్డులో ఉండాలి, ఎందుకంటే నా పక్షాన ఉన్న సాక్ష్యం అదొక్కటే. పళ్ళపొడిలో లవంగం ఉంటుంది కాబట్టి పళ్ళు తోమకముందే చూడాలి, తలకు నూనె పెట్టకముందు, టీ తాగకముందు చూడాలి. నేను మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో పువ్వులో ముక్కు పెట్టేదాన్ని. ఒకసారి "అత్తా, ఇది పువ్వుదో నీ చీరదో తెలుస్తలేదు" అన్నాను. ఆమె పోయి, ఆ చలిలో తలస్నానం చేసి, బీరువాలోంచి ఉతికిన చీర తీసి కట్టుకుని వచ్చి, దూరంగా స్నానాలగది తలుపు దగ్గర నిలబడింది. "ఇప్పుడు చూడు" అంది. రాయచూరులో చలి ఉండేది పది రోజులే. ఆ పది రోజుల్లో ఒకటి ఆమె నా ముక్కు కోసం తడి జుట్టుతో నిలబడి గడిపింది.

రెండో ఏడు నాకు విసుగొచ్చింది. నలభై కుండీల ముందు నలభై సార్లు వంగాలి, వెచ్చటి రగ్గు అక్కడ మంచం మీద ఉంది. రగ్గును వంటికి చుట్టుకునే వచ్చి, మూడడుగుల దూరం నుంచే తీర్పులు ఇవ్వడం మొదలుపెట్టాను. "వస్తుంది. లేదు. లేదు. వస్తుంది." ముక్కు అక్కర్లేకుండా తీర్పులివ్వడానికి నాకో పద్ధతి కూడా ఉండేది. నచ్చిన రంగుకు వస్తుందనేదాన్ని, నచ్చని రంగుకు లేదనేదాన్ని. ముదురు ఎరుపుకు తెల్ల అంచు ఉన్నవి నాకు భలే ఇష్టం, అవి అన్నీ పాస్. ఆ వెలిసిన జాకెట్టు గుడ్డ రంగువి చూస్తేనే నీరసం, అవి అన్నీ ఫెయిల్. నేను "లేదు" అన్న మరుక్షణం అత్త ఆ మొక్క మొదలు పట్టుకుని పీకి పక్కన పడేసేది. టీచరమ్మ ఇచ్చిన అసలు వాసన ఉన్నది వాటిలోనే అని ఇప్పుడు తెలుసు. అప్పుడు కూడా వంగి చూసుంటే తెలిసేది.

అత్త నమ్మకం చూసి నాకు ధైర్యం పెరిగింది. ఉట్టి "వస్తుంది"తో ఆగక వర్ణనలు మొదలుపెట్టాను.

"ఎట్ల వస్తుందే? లవంగం లెక్కనేనా?"

"లవంగమే, కానీ పెండ్లికి పోయొచ్చిన పట్టుచీర మడత విప్పినట్టు అత్తా."

"అవునా!" అని కళ్ళు పెద్దవి చేసి వినేది. వెంటనే లోపలికి పోయేది. ఎందుకు పోతోందో నేనెప్పుడూ చూడలేదు. రాసుకోవడానికని బిస్కెట్ల డబ్బా చెప్పింది.

ఐదేళ్ళు ఇలా గడిచాయి. మా వాకిలి చూడ్డానికి బ్రహ్మాండంగా తయారైంది. దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవారు. వాళ్ళు వాసన రాలేదని అనుకుని ఉంటే, అంత దూరం నుంచి రాదులే అని సరిపెట్టుకుని ఉంటారు. ఆ మాఘంలో ఏదో పెళ్ళికని ఊరికొచ్చిన టీచరమ్మ మా ఇంటికి వచ్చింది. జుట్టు పూర్తిగా నెరిసింది, చేతిలో కర్ర. అమ్మ, నాన్న, నేను, అందరం వాకిట్లోనే ఉన్నాం. అత్త అన్నిటికన్నా మంచి కుండీ ఎంచి, దాని అంచును కొంగుతో తుడిచి, రెండు చేతులతో ఎత్తి టీచరమ్మ ఒళ్ళో పెట్టినంత పని చేసింది. "సూడు టీచరమ్మా, పోనియ్యలేదు."

టీచరమ్మ కళ్ళు మూసుకుని వంగింది. చాలాసేపు అలాగే ఉంది. మంచి పువ్వుకు అంతసేపు అక్కర్లేదని నాకు అప్పుడే అర్థమైంది. ఆమె తలెత్తి అత్త ముఖం చూసింది. "బణ్ణ తుంబా చెన్నాగిదె రత్నా" అంది. రంగు చాలా బాగుందని. అత్త ఇంకో కుండీ తెచ్చింది. టీచరమ్మ మళ్ళీ వంగింది. మళ్ళీ రంగే బాగుంది. మూడోదానికి వంగకుండానే "బణ్ణ..." అని ఆగిపోయింది. మర్యాదస్థురాలు, అబద్ధం చెప్పలేదు, నిజమూ చెప్పలేదు.

అత్త నా వైపు తిరిగింది. "గౌరీ, దీనికి చాన వస్తుందన్నవు గదనే?"

ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. నన్ను నిలదీయాలంటే తన ముక్కు పనిచేయదని ఆమె అందరి ముందూ ఒప్పుకోవాలి. ఆమె ఒప్పుకోదని నాకు తెలుసు. ఆ గోడ వెనక నేను భద్రంగా ఉన్నాను. అయినా నాకు చాలలేదు. అందరూ నావైపే చూస్తున్నారు, అలవాటైన నోరు దానంతటదే తెరుచుకుంది.

"నువ్వే పొట్లాలు కలిపేసి ఉంటవు అత్తా. మొన్న పప్పుల ఉప్పనుకుని వంటసోడా వెయ్యలేదా, నురుగొచ్చి పప్పు పొయ్యి దిగి నడిచిపోయింది!"

నాన్న పడీపడీ నవ్వాడు. అమ్మ నవ్వింది. టీచరమ్మ కూడా, నవ్వడానికి ఏదో ఒకటి దొరికినందుకు, హాయిగా నవ్వింది. అత్త కుండీ కింద పెట్టి, చేతులకున్న మట్టి చూసుకుంటూ, "అయ్యుంటది" అంది. తర్వాత తనూ నవ్వింది. నా జీవితంలో అంత బాగా పేలిన జోకు ఇంకోటి లేదు.

మర్నాడు నన్నెవరూ లేపకుండానే లేచాను. పళ్ళు తోమలేదు. రగ్గు కప్పుకోలేదు. వాకిట్లోకి పోయేసరికి అత్త అప్పటికే అన్ని మొక్కలూ పీకి కుప్ప పోసింది. ఆ కుప్పలో ముదురు ఎరుపులన్నీ తెల్ల అంచులతో నిగనిగలాడుతున్నాయి. "పోయి పండుకో, పనేం లేదు" అంది. ఆ వారమే కుండీల్లో పుదీనా పెట్టింది. పుదీనాకు నా ముక్కు అక్కర్లేదు. వాసన లేని పుదీనా ప్రపంచంలో లేదు.

ఇక డబ్బా సంగతి. పొట్లాలన్నిటికీ అడుగున ఒక ఖాళీ కాగితం మడత ఉంది, గింజలు లేవు, రాత ఒక్కటే ఉంది. "పొట్లాలు నేనే కలిపిన. టీచరమ్మకు జాబు రాయాలె." నేను నిచ్చెన దిగి కూర్చున్నాను. టీచరమ్మ పెళ్ళికొచ్చిన ఆ ఏడు నుంచి అత్తకు కొత్త అలవాటొకటి వచ్చింది. ఏ డబ్బా మూత తీసినా చిటికెడు నాలుక మీద వేసుకుని చూస్తుంది, మూత పెట్టి, మళ్ళీ తీసి, ఇంకోసారి చూస్తుంది. ఉప్పుకు రెండుసార్లు, పంచదారకు రెండుసార్లు. నేను దాన్ని చాదస్తం అనుకున్నాను. అనుకుని ఊరుకోలేదు, బంధువులొచ్చినప్పుడల్లా దాన్ని అనుకరించి చూపించి నవ్వించేదాన్ని కూడా.

ప్రస్తుతం నేనొక ఆన్‌లైన్ అంగడికి వస్తువుల వివరణలు రాసి బతుకుతున్నాను. అగరొత్తులు, సబ్బులు, అత్తర్లు. "తొలకరి మట్టి పరిమళం", "వెన్నెల్లో మల్లెపందిరి" లాంటివన్నీ నావే. ఒక్కటీ వాసన చూడలేదు. ఎక్కడ నేర్చుకున్నావని పనిలో పెట్టుకున్నవాళ్ళు అడిగితే, పుట్టుకతో వచ్చిందన్నాను. ఇంట్లో శిక్షణ ఇప్పించారని చెప్పాల్సింది.

డబ్బా పట్టుకుని వంటింట్లోకి పోయాను. అత్త చాటలో ధనియాలు చెరుగుతోంది.

"అత్తా, నువ్వు పొట్లాలు కలపలేదు."

"ఏ పొట్లాలే?"

"టీచరమ్మ పూలవి. నేను వాసనే చూడలేదు. దూరం నుంచి రంగు చూసి చెప్పిన."

చాట ఆగింది. "ఎన్నేండ్లు?"

"మొదటి ఏడు తప్ప అన్నేండ్లు."

"పట్టుచీర?"

"అబద్ధం."

"కొత్త పుస్తకం?"

"అది... ఊకె తమాషాకు."

ఆమె చాటలోకి చూస్తూ, "నాకు ముక్కున్నప్పుడు ఒక్క లవంగమే తెలిసేది" అంది. "ఈ పిల్లకు పువ్వుల గిన్ని వాసనలు దొరుకుతున్నయి గదా అని మురుసుకుంట రాసుకున్న." ధనియాల్లోంచి ఒక పుల్ల ఏరి పడేసి, "నీ ముక్కు మీద నాకు ఎన్నడు అనుమానం రాలేదే గౌరీ. నా చేతుల మీదనే వచ్చింది" అంది. అంతే, మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది.

నేను డబ్బా మూత పెట్టేశాను.

నాలుగు రోజులు ఆమె నాతో మాట్లాడలేదు. తిండి మాత్రం ఆపలేదు, నా గిన్నెలో కారం కొంచెం పెరిగిందంతే. ఐదో రోజు టీ గ్లాసు నా ముందు ఠక్కున పెట్టి, "గా పూల గింజలు ఇప్పుడు దొరుకుతయా?" అంది. ముందు డబ్బాలోవి విత్తాం. పదమూడు ఎండాకాలాలు అటక మీద కాగిన గింజలు, ఒక్కటీ మొలవలేదు. నేను ఆన్‌లైన్లో ఒక ప్యాకెట్ తెప్పించాను. దాని మీద "మైమరపించే సువాసన" అని అచ్చేసి ఉంది. అలాంటి వాక్యాలు ఎలా పుడతాయో నాకంటే బాగా ఎవరికి తెలుసు. "వాసనొస్తే టీచరమ్మకు ఫోన్ చేద్దాం" అంది అత్త. "రాకుంటే?" అన్నాను. "రాకుంటే ఏముంది, రాలేదని నాకు చెప్తవు" అంది.

పదకొండు మొక్కలు బతికాయి. ఇప్పుడు వాకిలి సగమైంది, మిగతా సగం నాన్న స్కూటర్‌ది. రోలును తిరగేసి దాని మీద కూర్చుంటున్నాం, మసాలా మిక్సీలో పడుతోంది, లవంగం దానికీ లొంగింది. మొన్న పొద్దున మొదటి కుండీలో పువ్వు విప్పింది. అత్త తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, నేను అడక్కుండానే పోయి స్నానాలగది తలుపు దగ్గర నిలబడింది. ఆమె జుట్టు ఇప్పుడు తడిసినా తడవకపోయినా ఒకేలా ఉంటుంది, అంత పల్చబడింది. నేను పళ్ళు తోమకుండా, మోకాళ్ళ మీద కూర్చుని, పువ్వులో ముక్కు పెట్టాను.

ముదురు ఎరుపు, తెల్ల అంచు. నాకు ఇష్టమైనదే. పచ్చి ఆకు వాసన వచ్చింది, తడి మట్టి వాసన వచ్చింది. ఊపిరి వదిలి మళ్ళీ పీల్చాను. ఇంకోసారి. తలెత్తితే అక్కడ తలుపు దగ్గర ఆమె కొంగు పట్టుకుని నా ముఖమే చూస్తోంది. "వస్తుంది" అన్న మాట నాలుక మీదే ఉంది. ఒక్క మాటకు ఆ పూట ఆమెకు పండగ.

"లేదు అత్తా."

"సరింగ చూసినవా?"

"మూడుసార్లు చూసిన. లేదు."

ఆమె వచ్చింది, వంగి మొదలు పట్టుకుంది, పీకింది, వేరుకున్న మట్టిని కుండీలోనే దులిపి పక్కనున్న రాయి మీద పడేసింది. పువ్వు ఆ రాయి మీద కూడా చాలా అందంగా ఉంది. తర్వాత వెనక్కి నడిచి, తలుపు దగ్గర మునుపటి చోటే నిలబడింది.

"పక్కది చూడు" అంది.

నేను మోకాళ్ళ మీదే రెండో కుండీ దగ్గరికి జరిగాను.